వైఫై ఆన్ కాగానే మాయిశ్చర్ రీడింగ్ 4095 దగ్గర ఆగిపోతోందా?

మిరప కుండీలో మట్టి తడి కొలిచే సెన్సర్‌ని ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు) 25వ పిన్‌కి కలిపారని, వైఫై రాగానే రీడింగ్ 4095 (వచ్చే అతి పెద్ద అంకె) దగ్గర ఆగుతోందని అడిగారు. సెన్సర్ పాడవలేదు, మీరు వైరు పెట్టిన పిన్‌తోనే చిక్కు. ఈఎస్‌పీ32లో జీపీఐవో 25 (అంటే 25వ పిన్) ఏడీసీ2 కిందికి వస్తుంది. ఏడీసీ అంటే సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే భాగం, బోర్డులో ఇవి రెండు ఉంటాయి. వైఫై నడుస్తున్నప్పుడు ఆ ఏడీసీ2ని వైఫైయే వాడుకుంటుంది. అందుకే వైఫై లేకుండా మిరప కుండీ రీడింగ్ బాగా వచ్చి, కనెక్ట్ అవ్వగానే 4095 దగ్గర బిగుసుకుపోయింది. 0, 2, 4, 12 నుంచి 15, 25 నుంచి 27 పిన్‌లన్నిటిదీ ఇదే కథ. చాలామంది ఇక్కడే సెన్సర్ మీద అనుమానంతో ఇంకోటి కొనేస్తారు. దయచేసి కొనకండి.

1. యూఎస్‌బీ తీసేసి, సెన్సర్ సిగ్నల్ వైరు (సాధారణంగా పసుపుది) 25 నుంచి 34కి మార్చండి. 32 నుంచి 39 వరకు ఉన్నవి ఏడీసీ1 పిన్‌లు, వైఫైతో గొడవ ఉండదు.

2. కోడ్‌లో కూడా 25 తీసి 34 రాయండి. వైరు మార్చి ఇది మర్చిపోతే మళ్లీ అదే 4095 కనబడి టెన్షన్ పడతారు.

3. సెన్సర్‌కి కరెంటు 3.3 వోల్ట్ పిన్ నుంచే ఇవ్వండి.

4. పొడిగా గాలిలో ఒక రీడింగ్, గ్లాసు నీళ్లలో సెన్సర్ మీది గీత వరకు ముంచి ఒక రీడింగ్ రాసుకోండి. మీది కెపాసిటివ్ సెన్సర్ (లోహం మట్టికి తగలకుండా తడి కొలిచేది) కాబట్టి తడి పెరిగితే అంకె తగ్గుతుంది. కోడ్‌లో పంపు ఆన్ చేసే షరతు తిరగేసి రాయకండి.

గుంటూరు ఎండకు రోజూ నీళ్లు పోస్తారు కదా, సెన్సర్ బోర్డు అంచులకు గోళ్ల రంగు రెండు పూతలు వేయండి. అంచుల్లోంచే తడి లోపలికి పోతుంది.