టెక్ సందేహాలు: చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ముందు ఏం చూడాలి?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం కారు పొగ గురించే. అందుకే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లను పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను.

మిర్యాలగూడ నుంచి: "మాది 2018 పెట్రోలు కారు, 72 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల కింద చెక్ ఇంజిన్ లైటు వచ్చింది. షెడ్డుల స్కానర్ పెడితే పి0420 అని చూపించింది. క్యాటలిటిక్ కన్వర్టర్ పోయింది, మార్చాలె అంటున్నరు. ఆన్‌లైన్‌ల చిన్న ఓబీడీ అడాప్టర్ ఒకటి తెప్పించిన. నిజంగ పోయిందా లేదా దాంతోని తెలుస్తదా?"

తెలుస్తుంది. ఓబీడీ అడాప్టర్ అంటే కారు కంప్యూటర్‌లోని లెక్కలను ఫోన్‌లో చూపించే పరికరం. కన్వర్టర్ కొనే ముందు ఒక పూట ఈ పరీక్షలకు కేటాయించండి. కన్వర్టర్ అంటే పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా. దాని పని తీరు ఉండాల్సినంత లేదని ఇంజిన్ కంప్యూటర్‌కు అనుమానం వస్తే పి0420 అనే లోపం కోడ్ రాస్తుంది. కన్వర్టర్ వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ చెప్పే లెక్కను బట్టి వచ్చే అనుమానం అది. ఆ లెక్క తప్పడానికి కన్వర్టర్ ఒక్కటే కారణం కానక్కర్లేదు.

కన్వర్టర్ లోపల తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మె ఉంటుంది. దాని గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. ఆ పూతలోనే సీరియం ఆక్సైడ్ కూడా ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎక్కువైతే అది దాచుకుంటుంది, తక్కువైతే విడుస్తుంది. అందుకే కన్వర్టర్ ముందున్న సెన్సర్ ఎగిరెగిరి పడుతున్నా, వెనకది నిమ్మళంగా ఉండాలి. దాచుకునే శక్తి తగ్గిపోతే వెనక సెన్సర్ ముందుదానిలాగే ఎగరడం మొదలుపెడుతుంది.

అడాప్టర్ పెట్టగానే 'క్లియర్' బటన్ జోలికి పోకండి. యాప్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేజీ తెరిచి స్క్రీన్‌షాట్ తీసుకోండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేడి, ఆర్‌పీఎం, స్పీడు, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) ఎంతున్నాయో అందులో ఉంటుంది. కోడ్ చెరిపితే అదీ పోతుంది. మిగతా కోడ్‌లు ఏమైనా ఉన్నాయా చూడండి. పి0300 నుంచి పి0304 వరకు మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) కోడ్‌లు, పెట్రోలు తక్కువైతే వచ్చే పి0171, ఎక్కువైతే వచ్చే పి0172, సెన్సర్ హీటర్ కోడ్ పి0141 లాంటివి కూడా ఉంటే ముందు వాటి సంగతి తేల్చాలి. పి0420ని ఆఖరున పట్టించుకోవాలి.

తర్వాత ఫ్యూయల్ ట్రిమ్. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ కలిపి ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపల ఉంటే మంచిదే. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు పోసే పాత బండ్లలో ఈ అంకె కొంచెం ప్లస్ వైపు జరగడం సహజం. ఐడిల్‌లో ప్లస్ 20 ఉండి, 2,500 ఆర్‌పీఎంకు రేసు ఇస్తే 5కు దిగిందనుకోండి, ఇన్‌టేక్ వైపు ఎక్కడో గాలి లోపలికి పోతోంది. అదే రేసు ఇచ్చినకొద్దీ అంకె పెరుగుతుంటే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు లేదా గాలిని కొలిచే సెన్సర్ మీద అనుమానం పెట్టుకోవాలి. మీ ఊరి చుట్టూ రైసు మిల్లులున్నాయి, వరి కోతల కాలంలో బోనెట్ కింద ఎలుకలు చేరుతాయి. వాక్యూమ్ గొట్టాలు, సెన్సర్ వైర్లు కొరికేవి అవే. వేలితో గొట్టాన్ని మొదటి నుంచి చివరిదాకా తడిమి చూడండి. పైనుంచి బాగానే కనిపించే గొట్టం కింది వైపు పంటి గాట్లతో చీలి ఉంటుంది.

మూడోది సైలెన్సర్ లీకు. తెల్లారి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే మ్యానిఫోల్డ్ దగ్గర చెవి పెట్టండి. 'టప్ టప్' అనే చప్పుడు వచ్చి, ఇంజిన్ వేడెక్కాక అది తగ్గితే గాస్కెట్ దగ్గర సందు ఉన్నట్టు. అతుకుల చుట్టూ నల్లటి మసి చార కూడా అదే చెబుతుంది. పొగ బయటికి పోయే సందులోంచే పల్సుల మధ్యలో బయటి గాలి లోపలికి వస్తుంది, సెన్సర్ దాన్ని ఆక్సిజన్‌గా లెక్కేస్తుంది. అది కన్వర్టర్‌కు ముందున్నా, రెండు సెన్సర్ల మధ్యనున్నా పి0420 రావచ్చు. దీనికి కావలసింది కొత్త గాస్కెట్, రెండు బోల్టులు.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు గ్రాఫ్. బండిని 15 నిమిషాలు రోడ్డు మీద తిప్పి, కూలెంట్ వేడి 80 డిగ్రీలు దాటాక, న్యూట్రల్‌లో 2,500 ఆర్‌పీఎం దగ్గర రెండు నిమిషాలు పట్టి ఉంచండి. యాప్‌లో బ్యాంక్ 1 సెన్సర్ 1 (ముందుది), సెన్సర్ 2 (వెనకది) వోల్టేజీలను ఒకే తెర మీద గ్రాఫ్‌గా పెట్టుకోండి. మొదటిది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య రంపపు పళ్లలా పైకీ కిందికీ పోతుండాలి. రెండోది 0.6 నుంచి 0.8 దగ్గర దాదాపు గీత గీసినట్టు నిలవాలి. రెండోది కూడా మొదటిదాని వెంటే 0.2కు పడి 0.8కి లేస్తుంటే కన్వర్టర్ పని అయిపోయినట్టే. కొన్ని కార్లలో ముందు సెన్సర్ వైడ్‌బ్యాండ్ రకం. అది ఇలా ఎగరదు, లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ల లెక్క) విలువ 1 దగ్గర కనిపిస్తుంది. అలాంటి బండిలో వెనక సెన్సర్ గీతను మాత్రమే చూడండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక కన్వర్టర్ డబ్బాను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. లోపల గలగలమంటే దిమ్మె పగిలింది. బండి లాగడం తగ్గి, హైవే మీద 80 దాటనంటే దిమ్మె కరిగి మూసుకుపోయి ఉండొచ్చు. ముందు సెన్సర్ విప్పి ఆ రంధ్రానికి ప్రెషర్ గేజి పెట్టిస్తే తేలిపోతుంది. ఐడిల్‌లో 1.5 పీఎస్ఐ లోపు, 2,500 ఆర్‌పీఎం దగ్గర 3 పీఎస్ఐ లోపు ఉండాలి.

నిజంగానే మార్చాల్సి వస్తే, పాతది ఎందుకు పోయిందో తేలకుండా కొత్తది బిగించకండి. మిస్‌ఫైర్ వల్ల కాలని పెట్రోలు లోపలికి వెళ్లి దిమ్మెను కరిగిస్తుంది. ఇంజిన్ ఆయిల్ తింటుంటే ఆ ఆయిల్‌లోని ఫాస్ఫరస్ పూతను కప్పేస్తుంది. కారణం అలాగే ఉంటే కొత్తదానికీ అదే గతి. కన్వర్టర్ తీసేసి ఖాళీ పైపు వెల్డింగ్ చేస్తామని, సెన్సర్ కింద స్పేసర్ పెట్టి లైటు ఆర్పేస్తామని ఎవరన్నా చెబితే ఒప్పుకోకండి. లైటు ఆరినా విషపు పొగ అలాగే వస్తుంది, ఆ పొగ మీ ఇంటి ముందే పిల్లలు పీలుస్తారు. ఇంకో మాట, పాత కన్వర్టర్‌లోని లోహాలకు తుక్కులో కూడా మంచి ధర ఉంటుంది. దాన్ని మీకు ఇవ్వమనండి, లేదా బిల్లులో తగ్గించమనండి.

ఒక్క హెచ్చరిక. లైటు వెలిగి అలాగే ఉంటే మెల్లగా ఇంటికి పోవచ్చు. మిణుకు మిణుకుమంటే మాత్రం అది తీవ్రమైన మిస్‌ఫైర్. యాక్సిలరేటర్ వదిలి పక్కకు ఆపండి. అలాగే నడిపితే కన్వర్టర్ కొద్దిసేపట్లోనే పాడవుతుంది.

జడ్చర్ల నుంచి: "ఈఎల్‌ఎం327 బ్లూటూత్ అడాప్టర్ కొన్న. మా తమ్ముని ఆండ్రాయిడ్‌ల పనిచేస్తుంది, నా ఐఫోన్‌ల మాత్రం కనిపిస్తనే లేదు. అడాప్టర్ పాడైందా?"

అడాప్టర్ బాగానే ఉంది. చవక అడాప్టర్లలో పాత రకం బ్లూటూత్ ఉంటుంది, వాటితో ఐఫోన్ మాట్లాడదు. ఐఫోన్‌కు బ్లూటూత్ లో ఎనర్జీ అని రాసున్నది గానీ, వైఫైది గానీ తీసుకోవాలి. వైఫై రకమైతే సెట్టింగ్స్‌లో అడాప్టర్ నెట్‌వర్క్‌కు కలిపి, యాప్‌లో అడ్రస్ 192.168.0.10, పోర్టు 35000 ఇవ్వండి. చాలా వాటికి ఇవే. ఐఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు లోకల్ నెట్‌వర్క్ అనుమతి ఇవ్వకపోతే ఎంతసేపైనా కనెక్ట్ కాదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆండ్రాయిడ్‌లో పెయిరింగ్ కోడ్ 1234 లేదా 0000. రెండింటికీ కార్ స్కానర్ అనే యాప్ ఉంది, టార్క్ మాత్రం ఆండ్రాయిడ్‌కే.

పోర్టు స్టీరింగ్ కింద, డాష్‌బోర్డు అడుగున ఉంటుంది, 16 పిన్నులు. తాళం ఆన్‌లో పెట్టాకే కనెక్ట్ చేయండి. పని అయ్యాక పీకేయండి. తాళం తీసినా ఆ పోర్టుకు బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. వారం పది రోజులు బండి కదపకపోతే బ్యాటరీ డౌన్ అవుతుంది. 'వెర్షన్ 2.1' అని రాసున్న నకిలీలు చాలా ఉన్నాయి. వాటిలో సగం ఆదేశాలకు జవాబు రాదు. రీడింగ్ చాలా ఆలస్యంగా మారుతున్నా, సెన్సర్ గ్రాఫ్ మెట్లు మెట్లుగా కనిపించినా తప్పు మీ సెన్సర్‌ది కాకపోవచ్చు.

నల్గొండ నుంచి: "బీఎస్6 (భారత్ స్టేజ్ 6 పొగ ప్రమాణం) డీజిల్ బండి. డీపీఎఫ్ లైటు నెలకోసారి వస్తుంది. రోజూ బడి, బజారు, ఆఫీసు, అన్నీ కలిపి 8 కిలోమీటర్లు. సర్వీసులో శుభ్రం చేయించినా మళ్లీ వచ్చింది."

రోజుకు 8 కిలోమీటర్ల తిరుగుడే దీనికి కారణం. డీజిల్ పొగలోని మసిని డీపీఎఫ్ అనే వడపోత పట్టి ఉంచుతుంది. నిండినప్పుడు కంప్యూటర్ అదనంగా డీజిల్ చల్లి, లోపలి వేడిని సుమారు 600 డిగ్రీలకు పెంచి ఆ మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. అది పూర్తి కావాలంటే బండి 15, 20 నిమిషాలు ఆగకుండా నడవాలి. క్లాక్ టవర్ నుంచి బస్టాండ్ దాకా పోయి బండి ఆపేస్తే పని మధ్యలోనే ఆగిపోతుంది. చల్లిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా ఆయిల్ సంపులోకి దిగుతుంది.

లైటు వచ్చిన రోజే నార్కట్‌పల్లి దాకా వెళ్లి 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కండి. ఒక గేరు తక్కువలో, 2,000 ఆర్‌పీఎం పైన, 60కి తగ్గకుండా 20 నిమిషాలు నడపండి. రీజనరేషన్ జరుగుతుంటే ఐడిల్ కొంచెం పెరుగుతుంది, కూలింగ్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, వేడి వాసన వస్తుంది. అప్పుడు ఆపకండి. ఆపాల్సి వచ్చినా ఎండుగడ్డి మీద, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పక్కన, గడ్డివాముల దగ్గర అస్సలు ఆపకండి. మన దగ్గర కోతలప్పుడు రోడ్డు పొడవునా గడ్డి పరిచి ఉంటుంది, బండి కింద ఆ వేడికి అంటుకునే ప్రమాదం ఉంది.

ఇంకో రెండు పనులు చేయండి. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మట్టం పై గీత దాటి, డీజిల్ వాసన వస్తే వెంటనే మార్పించాలి. పోసేది బూడిద తక్కువుండే ఆయిల్ కావాలి, డబ్బా మీద ఏసీఈఏ సీ3 లాంటి గుర్తు చూసి మాన్యువల్‌తో పోల్చుకోండి. మామూలు డీజిల్ ఆయిల్ బూడిద ఫిల్టర్‌లో పేరుకుంటుంది, అది రీజనరేషన్‌లో కాలిపోదు. రెండోది, తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, స్కానర్‌లో డీపీఎఫ్ డిఫరెన్షియల్ ప్రెషర్ (ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడిలో తేడా) చూడండి. అది సున్నా దగ్గర ఉండాలి. అప్పుడే 2, 3 కిలోపాస్కల్స్ చూపిస్తే సెన్సరే తప్పు చెబుతోంది. ఆ సెన్సర్‌కు పోయే రెండు సన్న గొట్టాలు మసితో మూసుకుపోయినా, పగిలినా కూడా లెక్క తప్పుతుంది. ఫిల్టర్ విప్పించక ముందే ఇది చూడాల్సింది. మీ తిరుగుడు ఎప్పటికీ ఇంతే అయితే, వచ్చేసారి బండి కొనేటప్పుడు డీజిల్ వద్దు.

మహబూబ్‌నగర్ నుంచి: "2012 పెట్రోలు కారు. పంపు దగ్గరి పొల్యూషన్ వ్యానుల సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.8 వచ్చి ఫెయిలైంది. ఎంతుండాలి? ఏం చేయించాలి?"

ముందు మీ ఆర్‌సీలో బీఎస్3 అనుందా, బీఎస్4 అనుందా చూడండి. 2010లో బీఎస్4 హైదరాబాద్ లాంటి పెద్ద నగరాలకే వచ్చింది, దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి. కాబట్టి 2012 బండి రెండింటిలో ఏదైనా కావచ్చు. బీఎస్3 అయితే ఐడిల్‌లో సీఓ 0.5 శాతం, హెచ్‌సీ (కాలని పెట్రోలు ఆవిరి) 750 పీపీఎం దాటకూడదు, సర్టిఫికెట్ 6 నెలలు. బీఎస్4 అయితే సీఓ 0.3, హెచ్‌సీ 200, సర్టిఫికెట్ ఏడాది. దీనికి తోడు 2,500 ఆర్‌పీఎం దగ్గర సీఓ 0.2 లోపు, లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. సర్టిఫికెట్ లేకుండా తిరిగితే చట్టంలో జరిమానా 10,000 రూపాయల దాకా ఉంది.

సీఓ ఎక్కువంటే గాలికి మించి పెట్రోలు పడుతోందని. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి దులపండి, జడ్చర్ల రోడ్డు దుమ్ముకు అది మూసుకుపోయి ఉంటే మార్చండి. తర్వాత స్కానర్‌లో కూలెంట్ టెంపరేచర్ చూడండి. ఇంజిన్ చాలాసేపు నడిచినా 40 డిగ్రీలే చూపిస్తే, ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకొని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తోంది. అది సెన్సర్ తప్పు కావచ్చు, తెరుచుకుని ఇరుక్కున్న థర్మోస్టాట్ కావచ్చు. ఆ తర్వాతే ఆక్సిజన్ సెన్సర్, కారే ఇంజెక్టర్. హెచ్‌సీ ఎక్కువైతే ప్లగ్గులు, కాయిల్ చూపించండి.

పరీక్షకు వెళ్లే ముందు 10, 15 కిలోమీటర్లు నడిపి, క్యూలో ఇంజిన్ ఆపి చల్లార్చకుండా నేరుగా పెట్టించండి. కన్వర్టర్ 250, 300 డిగ్రీలు దాటితేనే పని మొదలుపెడుతుంది. ప్రింటులో కార్బన్ డయాక్సైడ్ అంకె కూడా చూడండి. బాగా నడిచే పెట్రోలు బండికి 13 నుంచి 15 శాతం ఉంటుంది. 5, 6 ఉంటే గొట్టం సైలెన్సర్‌లో లోపలిదాకా పెట్టలేదు, లేదా సైలెన్సర్‌కు చిల్లు ఉంది. అలాంటి ప్రింటులో మిగతా అంకెలను నమ్మొద్దు, మళ్లీ పెట్టించండి.

వనపర్తి నుంచి: "ట్యాంకు ఫుల్ చేయించిన ప్రతిసారి స్టార్ట్ కావడానికి ఇబ్బంది. ఐదారు సార్లు సెల్ఫ్ కొట్టాలె."

పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా, దాన్ని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ ఇక్కడ అనుమానితులు. వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుంటే, ట్యాంకు నింపినప్పుడు తోసుకొచ్చే ఆవిరంతా ఇన్‌టేక్‌లోకి పోయి ఇంజిన్ ముంచెత్తినట్టవుతుంది. ఉదయం చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, వాల్వ్‌కు డబ్బా వైపు నుంచి వచ్చే గొట్టం పీకి వాల్వ్ రంధ్రానికి వేలు అడ్డం పెట్టండి. ఆ సమయంలో పీల్పు ఉండకూడదు. వేలిని లాగుతుంటే వాల్వ్ మార్చాలి. ఇంటి దగ్గర రెండు క్లిప్పులు, ఒక కనెక్టర్ విప్పితే అయిపోయే పని. పంపు దగ్గర నాజిల్ 'టక్' మని ఆగాక గుండ్రని లెక్క కోసం ఇంకా పోయించకండి, ఆ ద్రవ పెట్రోలే బొగ్గు డబ్బాలోకి దిగి దాన్ని పాడుచేస్తుంది.