రాత్రి నానబెట్టిన ఓట్స్ ఉదయానికి ముద్దయిపోకుండా ఎలా?

ఉదయం పొయ్యి వెలిగించే తీరిక లేక రాత్రే పాలలో ఓట్స్ నానబెట్టుకునేవారిలో చాలామందికి, తెల్లవారి మూత తీస్తే జిగట ముద్దే ఎదురవుతుంది. తప్పు సాధారణంగా ఓట్స్ రకంలోనే ఉంటుంది. అటుకుల్లా నొక్కిన రోల్డ్ ఓట్స్ ఆరేడు గంటలు నాని మెత్తబడినా పలుకు కోల్పోవు. ఇన్‌స్టంట్ రకాన్ని మరీ పలుచగా నొక్కుతారు కాబట్టి అది ముద్దయిపోతుంది. స్టీల్ కట్ నూక మాత్రం అంతసేపు నానినా పంటికి గట్టిగానే తగులుతుంది.

ఒక మనిషికి 40 గ్రాముల ఓట్స్, 120 మిల్లీలీటర్ల పాలు, రెండు చెంచాల పెరుగు సరిపోతాయి. చియా గింజలు నీటిని విపరీతంగా పీల్చుకుంటాయి కనుక, ఒక చెంచా వేసినా పాలు మరికొంచెం పోయాలి. చద్దన్నంలా దీన్ని బయట ఉంచకూడదు. అక్కడ పులియడమే మనకు కావలసింది, ఇక్కడ పాలు పాడవుతాయి. ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులకు సరిపడా ఒకేసారి కలుపుకోవచ్చు, అయితే అరటిపండు నల్లబడుతుంది కాబట్టి తినే ముందే కోసి వేసుకోవాలి.

ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములు అందితే చెడు కొలెస్ట్రాల్ తగ్గడానికి తోడ్పడుతుంది. పై కొలతలో దాదాపు సగం లభిస్తుంది. రుచులు కలిపిన ప్యాకెట్లలో తరచూ చక్కెర కూడా ఉంటుంది కనుక సాదా ఓట్స్ కొని, తీపికి రెండు ఖర్జూరాలు తరిగి వేసుకోవడం మేలు.