పనికొక గొంతు: చూపులేని కంప్యూటర్ వాడకందార్ల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: తిరుపతిలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. పూర్తిగా చూపు లేదు. తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ ప్రోగ్రాంతో పాటు వచ్చిన గొంతు రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంది. తెలుగు పాఠం గంటసేపు వింటే తల దిమ్మెక్కుతోంది. మనిషిలా పలికే గొంతు పెట్టుకుంటానంటే సీనియర్లు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ బాధా నిజమే, సీనియర్ల మాటా నిజమే. పాఠం వినడం ఒక పని, కంప్యూటర్‌ను నడపడం మరో పని. రెండింటికీ ఒకే గొంతు సరిపోదు.

మీరు వింటున్నది ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతు. 1995లో జొనాథన్ డడింగ్టన్ రాసిన చిన్న ప్రోగ్రాం దీనికి మూలం. ఎవరో చదివిన మాటల్ని ముక్కలు చేసి అతికించినది కాదిది. అచ్చుల మోతను లెక్కగట్టి అప్పటికప్పుడు పుట్టిస్తుంది. రేకు మోత అందుకే. మీట నొక్కగానే పలకడం, ఎంత వేగం పెంచినా మాట చెదరకపోవడం కూడా అందుకే. మనిషిలా పలికే కొత్త న్యూరల్ గొంతులు తియ్యగా ఉంటాయి గానీ, వాక్యాన్ని కూర్చుకుని పలకడానికి వాటికి కాస్త సమయం పడుతుంది. వర్డ్‌లో బాణం మీటతో అక్షరం అక్షరం జరుగుతూ తప్పు దిద్దేటప్పుడు గొంతు మీ వేలి కంటే వెనకబడితే, మీరు చెరిపేది ఒకటి, వినేది ఇంకొకటి అవుతుంది.

అందుకని పనికి ఈస్పీక్‌నే ఉంచుకోండి, కానీ మెత్తబరచండి. ఇన్సర్ట్, కంట్రోల్, వీ కలిపి నొక్కితే స్పీచ్ సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. వాయిస్ దగ్గర తెలుగు ఎంచుకోండి. దాని దగ్గర్లోనే వేరియంట్ అనే పెట్టె ఉంటుంది. చాలామంది దాన్ని ముట్టుకోనే ముట్టుకోరు. మ్యాక్స్, యానీ, స్టెఫ్ లాంటి పేర్లు ఒక్కొక్కటీ దాటుతూ వినండి, మోత బాగా మారుతుంది. పిచ్, అంటే గొంతు స్థాయి, కొంచెం తగ్గిస్తే చెవిలో గుచ్చుకోవడం తగ్గుతుంది. వేగాన్ని ఒకేసారి పెంచకండి. వారానికి ఐదు అంకెల చొప్పున పెంచుతూ పోతే చెవి తనంతట తానే అలవాటు పడుతుంది. ఆ సెట్టింగ్స్ తెరవకుండానే ఇన్సర్ట్, కంట్రోల్‌తో కుడి ఎడమ బాణాలు నొక్కి వేగమో పిచ్చో ఎంచుకుని, పై కింది బాణాలతో మార్చవచ్చు. ల్యాప్‌టాప్ కీబోర్డు అమరికలో షిఫ్ట్ కూడా కలపాలి.

ఇక పాఠాలకు ఎడ్జ్ బ్రౌజర్ వాడండి. పేజీ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, యూ నొక్కితే రీడ్ అలౌడ్ మొదలవుతుంది. వాయిస్ ఆప్షన్స్‌లో తెలుగుకు మోహన్, శ్రుతి అని రెండు గొంతులున్నాయి. గంటసేపు విన్నా అలసట ఉండదు. నెట్ లేకపోతే మాత్రం పలకవు. పైగా అవి స్పెల్లింగు చెప్పవు. ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చేముందు దాన్ని శ్రుతితో విని సరిపెట్టుకోకండి. వాక్యం సాఫీగా సాగిపోతుంది కాబట్టి తప్పు చెవికి తగలదు. ఈస్పీక్‌తో అక్షరం అక్షరం చూసుకోండి.

ఏ గొంతునైనా ఖాయం చేసుకునే ముందు ఈ మాటలు ఒక ఫైల్లో పెట్టి వినండి: కల, కళ. మెడ, మేడ. కొన, కోన. అంగడి, పండు, పుస్తకం. చాప, చేప. ‘తలకోన’ను ‘తలకొన’ అని పలికే గొంతుతో తెలుగు పరీక్ష రాయడం కష్టం. అంగడిలో, పండులో, పుస్తకంలో సున్న మూడు రకాలుగా పలకాలి. చాప దగ్గర మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. మనం చాపలో ఒక ‘చ’, చేపలో ఇంకో ‘చ’ పలుకుతాం గానీ ఆ తేడా ఇప్పటి రాతలో లేదు. ‘చందమామ’కు ఏ చకారమో అక్షరాల్ని బట్టి యంత్రానికి తెలియదు. అది పెద్ద లోపమేం కాదు, అర్థం చెడదు. ల, ళ కలిసిపోతే, దీర్ఘం పోతే మాత్రం ఆ గొంతు వదిలేయండి.

ప్రశ్న: చిత్తూరులో ఉద్యోగం చేస్తున్నాను. పై ఆఫీసు నుంచి వచ్చే తెలుగు ఫైళ్లను నా కంప్యూటర్ ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా చదువుతోంది. మూడు గొంతులు మార్చాను, ఫలితం లేదు. డబ్బు పెట్టి మంచి గొంతు కొనాలా?
– పాఠకుడు, చిత్తూరు

జవాబు: కొనకండి. తప్పు గొంతుది కాదు, ఫైలుది. అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో టైపు చేసిన ఫైళ్లివి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మగా మాత్రమే ఉంటుంది. లోపల కంప్యూటర్ దాచుకున్నది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. కళ్లున్నవారికి తెలుగు కనిపిస్తుంది, మీకు ఆ సంకేతాలు వినిపిస్తాయి. ఎన్ని వేలు పోసి కొన్న గొంతైనా అదే చదువుతుంది.

పంపేవారిని యూనికోడ్‌లో, అంటే తెలుగు అక్షరానికి తెలుగు సంకేతమే ఉండే పద్ధతిలో, టైపు చేయమని అడగడమే అసలు మందు. విండోస్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది. దాన్ని ఒకసారి చేర్చుకుంటే విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి భాష మార్చుకోవచ్చు. ఇప్పటికే వచ్చిన వర్డ్ ఫైళ్లను అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేయండి. మారిన తర్వాత ఒత్తుల దగ్గర తప్పకుండా ఒకసారి తడిమి చూడాలి, తేడాలొచ్చేది ఎక్కువగా అక్కడే. పీడీఎఫ్ అయితే కాపీ చేసి మార్చే దారి తరచూ చెడిపోతుంది. దాన్ని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఓపెన్ విత్‌లో గూగుల్ డాక్స్ ఎంచుకోండి. అది అక్షరం ఆకారాన్ని చూసి గుర్తుపడితే లోపలి సంకేతంతో పని ఉండదు. స్కాన్ చేసిన కాగితాలకూ ఇదే దారి.

ఆఫీసు ఫైళ్లు కాబట్టి ఇంకో మాట. ‘తి.తి.దే.’ లాంటి పొట్టి అక్షరాలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంటే, ఎన్‌వీడీఏ మెనూలో ప్రిఫరెన్సెస్, స్పీచ్ డిక్షనరీస్, డిఫాల్ట్ డిక్షనరీకి వెళ్లి యాడ్ నొక్కండి. ప్యాటర్న్‌లో ‘తి.తి.దే.’ అనీ, రీప్లేస్‌మెంట్‌లో ‘తిరుమల తిరుపతి దేవస్థానం’ అనీ రాయండి. రకం దగ్గర రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పెట్టకండి. అందులో చుక్క అంటే ఏ అక్షరమైనా అని అర్థం, సంబంధం లేని చోట కూడా దేవస్థానం వినిపించే ప్రమాదముంది.

ప్రశ్న: మాది కుప్పం. వాట్సాప్‌లో తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు అన్నీ కలిసే వస్తాయి. ఎన్‌వీడీఏలో భాషను బట్టి గొంతు మార్చే ఆటోమేటిక్ లాంగ్వేజ్ స్విచింగ్ పెట్టినా గొంతు మారడం లేదు.
– పాఠకుడు, కుప్పం

జవాబు: ఇది ఏ భాషో ఫైల్లోనో పేజీలోనో గుర్తు పెట్టి ఉంటేనే ఆ స్విచింగ్ పనిచేస్తుంది. వాట్సాప్ మెసేజీకి అలాంటి గుర్తు ఉండదు. ఎన్‌వీడీఏ టూల్స్ మెనూలోని యాడ్-ఆన్ స్టోర్‌లో వరల్డ్‌వాయిస్ అనే అదనపు ప్రోగ్రాం దొరుకుతుంది. అది లిపిని చూసి ఏ భాషకు ఏ గొంతు అని మీరు చెప్పినట్టు మారుస్తుంది. తమిళానికి విండోస్ స్పీచ్ సెట్టింగ్స్‌లో యాడ్ వాయిసెస్ నొక్కితే వళ్లువర్ గొంతు దించుకోవచ్చు. అంత పని వద్దనుకుంటే ఈస్పీక్‌లో తెలుగును ప్రధాన గొంతుగా పెట్టండి, మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటల్ని ఇంగ్లీషులాగే పలుకుతుంది. ఇంగ్లీషును ప్రధానం చేస్తే తెలుగు అక్షరాల్ని ఒక్కొక్కటిగా విడదీసి చదివి విసిగిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగుకు మాత్రం ఏ గొంతూ న్యాయం చేయలేదు. మీ వాళ్లను తెలుగు లిపిలో పంపమని గట్టిగా అడగండి.

ప్రశ్న: మా నాయనకు అరవై ఎనిమిదేళ్లు. గ్లకోమాతో చూపు పోయింది. ఫోన్లో తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆడగొంతు అర్థం కావడం లేదంటాడు. చెవుడు కూడా కొంచెం ఉంది.
– పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: వయసుతో వచ్చే చెవుడులో మొదట సన్నటి, పై స్థాయి శబ్దాలు తగ్గుతాయి. స, శ, త లాంటివి జారిపోతాయి. అందుకే సన్నగొంతు కంటే బొంగురు గొంతు ఆయనకు తేలిగ్గా అందుతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, టెక్స్ట్ టు స్పీచ్ అవుట్‌పుట్‌కు వెళ్లండి. గూగుల్ ఇంజిన్ పక్కనున్న గేరు గుర్తు నొక్కి, ఇన్‌స్టాల్ వాయిస్ డేటాలో తెలుగు ఎంచుకుంటే కొన్ని గొంతులు వరుసగా వస్తాయి. ఒక్కొక్కటీ వినిపించి ఆయన చెవికి ఏది నచ్చితే అది పెట్టండి, మీకు నచ్చింది కాదు. గొంతును ఫోన్లోకి దించేయండి, నెట్ లేనప్పుడు కూడా పలుకుతుంది. పిచ్, వేగం రెండూ కొంచెం తగ్గించండి. మరీ నెమ్మది చేస్తే మాటలు సాగిపోయి ఇంకా అర్థం కావు. ఐఫోన్ అయితే అందులో అదే పని చేసే వాయిస్‌ఓవర్‌లో తెలుగుకు గీత అనే గొంతు ఉంది. వైరున్న ఇయర్‌ఫోన్ మంచిది. బ్లూటూత్‌లో మాట ఆలస్యంగా రావడం, మొదటి అక్షరం తెగిపోవడం తరచూ జరుగుతుంది. ‘వద్దు’లో ‘వ’ పోతే ఆయనకు ఏం తెలుస్తుంది?

ప్రశ్న: కొత్త గొంతు వేసి చూస్తుంటే కంప్యూటర్ మూగబోయింది. ఇంట్లో చూపున్నవాళ్లు లేరు.
– పాఠకుడు, తిరుపతి

జవాబు: మొదట ఇన్సర్ట్, ఎస్ నొక్కి చూడండి. పొరపాటున స్పీచ్ ఆఫ్ అయి ఉండొచ్చు, రెండు మూడుసార్లు నొక్కితే తిరిగి వస్తుంది. రాకపోతే ఇన్సర్ట్, కంట్రోల్, ఎస్ నొక్కి, ఒక క్షణం ఆగి, ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం, ఎంటర్ నొక్కండి, ఈస్పీక్ పలుకుతుంది. అదీ కాకపోతే ఇన్సర్ట్, కంట్రోల్, ఆర్ ఒకసారి నొక్కితే చివరగా సేవ్ చేసిన సెట్టింగ్స్ వస్తాయి. వెంటవెంటనే మూడుసార్లు నొక్కకండి, మీ అమరికలన్నీ పోయి మొదటికొస్తుంది. కొత్త గొంతు ప్రయత్నించే ముందు ఇన్సర్ట్, కంట్రోల్, సీతో పాతదాన్ని సేవ్ చేసుకుని ఉంటే ఇన్సర్ట్, కంట్రోల్, ఆర్ ఒకసారి నొక్కి బయటపడతారు.