మంగలి కత్తికి తొందరేం లేదు

ప్రశ్న: నాకు ముప్ఫై ఏళ్లు, రాయగడలో ఉద్యోగం. రోజూ నున్నగా గెడ్డం గీసుకునే వెళ్లాలి. ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జి వాడుతుంటే గొంతు కింద ఎర్రగా పొక్కులు లేస్తున్నాయి, వెంట్రుకలు చర్మం లోపలికే తిరిగి మొలుస్తున్నాయి. పాత పద్ధతికి మారదామనుకుంటున్నాను. మా తాతగారి మంగలి కత్తి ఇంట్లో ఉంది. దానితోనే మొదలుపెట్టనా, సేఫ్టీ రేజర్ కొననా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: బాబూ, ఆ కత్తిని మళ్లీ పెట్టెలో పెట్టేయండి. ఆర్నెల్ల దాకా దాని జోలికి వెళ్లొద్దు. ఇదేం పిరికి సలహా అనుకుంటున్నారేమో, నా ఎడమ చెవి తమ్మె మీది మచ్చ చూస్తే ఆ మాట అనరు. నేనూ మీలాగే మా నాన్నగారి కత్తితోనే మొదలుపెట్టాను. ఇక్కడే పర్లాకిమిడిలో, అదీ మా చెల్లెలి నిశ్చితార్థం రోజు పొద్దున్నే! బుగ్గ బాగా వచ్చింది కదా అన్న ధీమాతో చెవి దాకా వెళ్లాను. తమ్మె తెగితే రక్తం ఓ పట్టాన ఆగదు. ఆనాటి ఫొటోలన్నింట్లో చెవికి దూది అంటించుకుని నిలబడి ఉంటాను.

ముందు మీ పొక్కుల సంగతి. ఎక్కువ బ్లేడ్లున్న రేజర్‌లో ముందు బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగుతుంది, వెనకది కోస్తుంది. మిగిలిన మొదలు చర్మం అడుగుకు జారిపోతుంది. గెడ్డం ఉంగరాలు తిరిగినదైతే మళ్లీ మొలిచేటప్పుడు బయటికి దారి దొరక్క లోపలే మెలిక పడుతుంది. ఒకే బ్లేడుతో మెల్లగా గీస్తే పైపైనే తెగుతుంది కాబట్టి చాలామందికి బాధ తగ్గుతుంది. మీకు పూర్తిగా పోతుందని మాట ఇవ్వను. చీము పడితే మాత్రం స్కిన్ డాక్టరుకు చూపించండి.

ఇక సేఫ్టీ రేజర్, అంటే ఒకే బ్లేడు పెట్టి బిగించుకునేది. మీరు కొనాల్సింది అదే. కార్ట్రిడ్జి అలవాటైన చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది. ఇక్కడ నొక్కారా, తెగిందే. రేజర్ బరువు చాలు, మీ బలం అక్కర్లేదు. పిడి చివర రెండు వేళ్లతో పట్టుకోండి. రేజర్ తలను బుగ్గకు ఆనించి, పిడిని నేలకు సమంగా ఉంచి, అక్కణ్ణించి కొద్దికొద్దిగా కిందికి దించండి. ఒకచోట బ్లేడు అంచు చర్మానికి తగులుతుంది, కదిపితే చర చర చిన్న చప్పుడొస్తుంది. అదే మీ కోణం, సుమారు 30 డిగ్రీలు. చప్పుడు ఆగిందంటే కోణం తప్పినట్టు. అందుకే మొదటి నెలంతా బాత్రూంలో సెల్‌ఫోను పాటలు కట్టేయమంటాను.

గెడ్డం ఎటు మొలిచిందో వేలితో తడిమి చూసుకోండి. బుగ్గల మీద కిందికే ఉంటుంది. గొంతు దగ్గర మాత్రం మనిషికో తీరు, నాకైతే ఒకవైపు అడ్డంగా, ఇంకోవైపు పైకి. మొదటి నెల మొలిచిన దిక్కునే, ఒక్కసారే గీయండి. ఆఫీసులో ఎవరూ భూతద్దంతో చూడరు. ఎదురు గీత మీ గొంతుకు అసలే వద్దు.

స్నానమయ్యాక గీసుకుంటే వెంట్రుక మెత్తబడి ఉంటుంది. మీది బోరు నీళ్లయితే సబ్బు నురగ సరిగా రాదు, బ్రష్‌కు మాత్రం ఒక గ్లాసు ఫిల్టర్ నీళ్లు వాడండి. నురగ మీగడలా ఉండాలి. బుడగలు కనిపిస్తే నీళ్లెక్కువయ్యాయని. తెగినచోట తడి పటిక అద్దండి, భగ్గున మండి ఆగుతుంది. మీ ఊళ్లో కిరాణా కొట్టులో ఫిట్‌కిరి అని అడిగినా ఇస్తారు.

బ్లేడ్లలో టోపాజ్, సెవెన్ ఓ క్లాక్ లాంటివి తలా ఒక ప్యాకెట్ తెచ్చుకుని చూడండి. నాకు పడింది మీకు పడాలని లేదు. ఒక్కోటి నాలుగైదు సార్లకు చాలు. లాగినట్టు అనిపిస్తే మార్చేయండి, పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు. మారే బ్లేడుతో రేజర్ అమ్మిన జిల్లెట్ కంపెనీ 1903లో, అంటే మొదటి ఏడాది, అమ్మగలిగింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాది రేజర్లే 90 వేలు దాటాయి. మీ మొదటి నెల కూడా ఆ 51 లాంటిదే అనుకోండి.

తాతగారి కత్తి పారేయమని కాదు నేననేది. పదును వైపు తుప్పు గుంటలు పడ్డాయేమో చూడండి, పడితే దాచుకోవడానికే పనికొస్తుంది. లేకపోతే సాన పట్టించాలి, అదే కష్టం. మా వీధి సెలూన్ ఆయన ఖురొ అంటాడు, మన క్షురమే ఒడియాలో అలా పలుకుతుంది. ఆయన చేతిలో ఉన్నది కూడా సగం బ్లేడు విరిచి దూర్చేదే, సానరాయి వాళ్ల నాన్నతోనే పోయిందట. సాన దొరికినా గీసుకునే ముందు ప్రతిసారీ తోలు పట్టా మీద రుద్దాలి, అదీ కత్తి మొద్దు వైపు ముందు, పదును వెనక. నేను తిరగేసి రుద్ది నాన్నగారి బెల్టును రెండు చోట్ల కోశాను.

పిడి విరిగి ఉంటే దిగులు పడకండి. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. దువ్వెనలు, కొంగ బొమ్మలు చేసే ఒకాయన నాన్నగారి కత్తికి కొత్త కొమ్ము పిడి వేసిచ్చాడు. నల్లటి కొమ్ము, అంచుల్లో తేనెరంగు చార. కాకపోతే కొమ్ము తడికి వంకర పోతుంది, పురుగు కూడా తింటుంది. తుడిచి, ఆరబెట్టి, ఇనుముకు కుట్టుమిషను నూనె ఒక చుక్క రాసి పెట్టండి.

ప్రశ్న: మావారు వాడేసిన బ్లేడ్లన్నీ బాత్రూం కిటికీ మీద పెడుతున్నారు. చిన్నపిల్ల ఉంది, టెన్షన్‌గా ఉంది. చెత్తలో వేయొచ్చా?
– ఒక సోదరి, బరంపురం

జవాబు: విడిగా వేయొద్దమ్మా, చెత్త ఏరే ఆవిడ చెయ్యి తెగుతుంది. ఖాళీ పాలపొడి డబ్బా మూతకు మేకుతో సన్నటి చీలిక చేసి, మూత చుట్టూ టేపు అంటించేయండి. బ్లేడు అందులోకి జారవిడవడమే. మా డబ్బా పదకొండేళ్లుగా నిండలేదు. కిటికీ మీద ఇప్పుడున్నవి మాత్రం ఆయన చేతే ఏరించండి.