ప్రచారం వెంట స్కెచ్ పుస్తకంతో...

ప్రశ్న: చిత్రలేఖనంలో డిగ్రీ పూర్తి చేశాను. ఎన్నికల ప్రచారం వెంట తిరిగి బొమ్మలు గీసి, వాటితో గ్యాలరీలో ప్రదర్శన పెట్టాలని ఉంది. అందరి చేతుల్లో ఫోన్లుండగా గీసిన బొమ్మలు ఎవరు చూస్తారని స్నేహితులు అంటున్నారు. ఏదో ఒక పార్టీ ముద్ర పడుతుందని ఇంట్లో భయపడుతున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా వెళ్లండి. ముందు ఫోన్ల సంగతి. సభలో అవన్నీ వేదిక వైపే తిరిగి ఉంటాయి. మీరు వేదికకు వీపు పెట్టి నిలబడండి. నేను ఎప్పుడూ అలాగే గీస్తాను. సౌండ్ బాక్సుకు ఆనుకుని నిద్రపోయిన కుర్రవాడు, చప్పట్లు కొట్టడానికి జెండాను చంకలో ఇరికించుకున్న పెద్దాయన, అభ్యర్థి రాక ఆలస్యమయ్యే కొద్దీ మైకులో అవే మాటలు చెప్పి గొంతు పోగొట్టుకున్న కార్యకర్త. వీళ్లు వార్తల్లోకి రారు. ముఖాలు అందకపోతే చేతులు గీయండి. సభ మొదట్లో జెండా కర్ర మీద పిడికిలి బిగిసి ఉంటుంది. చివరికి కర్ర నేలకు ఆని ఉంటుంది, వేళ్లు దాని మీద వాలిపోయి ఉంటాయి. ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే సభ ఎలా సాగిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంగ్లండులో విలియం హోగార్త్ చేసిందీ ఇదే. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో 1754లో జరిగిన ఎన్నికను చూసి నాలుగు తైలవర్ణ చిత్రాలు వేశాడు. పోలింగు బొమ్మలో చెయ్యి పోయిన ఒక మాజీ సైనికుడు, చేతికి బదులున్న ఇనుప కొక్కేన్ని పవిత్ర గ్రంథం మీద పెట్టి ప్రమాణం చేస్తుంటాడు. అది చెల్లుతుందా లేదా అని లాయర్లు వాదించుకుంటుంటారు. ఆనాటి అభ్యర్థుల పేర్లు నాకు గుర్తులేవు, ఆ కొక్కెం మాత్రం కళ్లముందే ఉంటుంది.

ఇక పార్టీ ముద్ర. ఇంట్లోవాళ్ల భయం కొట్టిపారేయదగ్గది కాదు. బ్రిటన్ పార్లమెంటు 2001 నుంచి సార్వత్రిక ఎన్నికలకు అధికారికంగా ఒక కళాకారుణ్ణి నియమిస్తోంది. ఎవరి పక్షమూ వహించకూడదన్నది షరతు. మొదట ఆ పని చేసిన జొనాథన్ యో మూడు ప్రధాన పార్టీల నాయకుల చిత్రాలు వేసి, వాళ్లకు పడ్డ ఓట్ల నిష్పత్తిలో వాటి పరిమాణం పెట్టాడు. పొగడ్త లేదు, తెగడ్త లేదు, కొలతే మాట్లాడింది. ఎంత చక్కని ఆలోచన! 2010లో ఫొటోగ్రాఫర్ సైమన్ రాబర్ట్స్ దూరంగా నిలబడి తీశాడు. ఆ ఫొటోల్లో అభ్యర్థిని జనంలో వెతుక్కోవాలి.

మీరు అన్ని పక్షాల సభలకూ వెళ్లండి. ఒకే రకం కాగితం, ఒకే నల్ల సిరా వాడండి. రంగు వేస్తే పార్టీ తెలిసిపోతుంది, చూసేవాళ్లు మనిషిని వదిలేసి జెండాను లెక్కపెడతారు. తన బొమ్మ గీయమని అభ్యర్థి అడిగితే మర్యాదగా తప్పుకోండి. ప్రచారం ముగిసేదాకా ఏ కార్యాలయానికీ బొమ్మ అమ్మవద్దు. దగ్గరగా గీసిన మనిషికి మాత్రం ఆ పేజీ చూపించి, ప్రదర్శనలో పెట్టవచ్చా అని అడగండి. కాదంటే పక్కన పెట్టేయాల్సిందే.

గోడకు ఎక్కించేటప్పుడు పార్టీల వారీగా వద్దు. ఎదురుచూపులు, రాక, ఉపన్యాసం, జనం చెదిరిపోవడం, ఈ వరుసలో పెట్టండి. అప్పుడు ప్రత్యర్థి సభల్లోని ఇద్దరు మనుషులు ఒకే గోడ మీద, ఒకే అలసటతో పక్కపక్కన నిలబడతారు. ఫొటోలు చూసి ఇంట్లో తీరిగ్గా తిరగగీసే పని పెట్టుకోకండి. తోపులాటలో వంకరపోయిన గీత, చినుకు పడి చెదిరిన సిరా అలాగే ఉండనివ్వండి. ఒకటి రెండు బొమ్మలు పెద్ద కాన్వాసు మీద వేస్తే చాలు.

ప్రదర్శన ఫలితాలు వచ్చాకే తెరవండి. ప్రారంభోత్సవానికి గెలిచినవారిని పిలవకండి, ఓడినవారినీ పిలవకండి. మీ పుస్తకంలో ఉన్నవారిలో ఎంతమంది ఆచూకీ తెలిస్తే అంతమందికీ కబురు పెట్టండి.