చీకటి పడిందని వీధి దీపానికి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: సాయంత్రం కాగానే వీధి దీపాలు వాటంతటవే వెలుగుతాయి. అందులోని సెన్సర్ వెలుతురును ఎలా గుర్తిస్తుంది? వెలిగిన దీపం కాంతినే పగలని పొరబడి ఎందుకు ఆర్పేయదు? సెల్‌ఫోన్‌లో ఉండేది కూడా ఇదేనా?

జవాబు: సిలికాన్, కాడ్మియం సల్ఫైడ్ వంటి అర్ధవాహకాల్లో (సెమీకండక్టర్లలో) చాలా ఎలక్ట్రాన్లు పరమాణువుల మధ్య బంధాల్లో చిక్కుకుని ఉంటాయి. తగినంత శక్తి ఉన్న కాంతి కణం, అంటే ఫోటాన్, వచ్చి తాకితే ఎలక్ట్రాన్ ఆ బంధం నుంచి విడివడి స్వేచ్ఛగా కదులుతుంది. అప్పుడు ఆ పదార్థం గుండా విద్యుత్తు తేలిగ్గా ప్రవహిస్తుంది. ఈ గుణం మొదట సెలీనియంలో బయటపడింది. సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగల పరీక్షకు సెలీనియం కడ్డీలను వాడిన విలోబీ స్మిత్, వెలుగు పడితే వాటి నిరోధం తగ్గుతోందని 1873లో ప్రకటించారు.

వీధి దీపాల్లో చాలాకాలం వాడినది కాడ్మియం సల్ఫైడ్‌తో తయారైన ఎల్‌డీఆర్, అంటే పడే వెలుతురును బట్టి నిరోధం మారే పరికరం. దగ్గరగా చూస్తే చిన్న బిళ్ల మీద వంకర్లు తిరిగిన సన్నని గీత కనిపిస్తుంది. వెలుతురుకు స్పందించేది అదే. కటిక చీకట్లో దాని నిరోధం మెగాఓమ్‌లలో ఉంటే, మంచి వెలుతురులో వందల ఓమ్‌లకు పడిపోతుంది. కాడ్మియం విషపదార్థం కావడంతో ఇప్పుడు దాని స్థానంలోకి సిలికాన్ సెన్సర్లు వస్తున్నాయి, ఇది మంచి మార్పే.

మీ రెండో ప్రశ్న చాలా చక్కనిది. సెన్సర్‌ను సాధారణంగా దీపానికి పైన, ఆకాశం వైపు తిప్పి అమరుస్తారు కాబట్టి దీపపు కాంతి దాని మీద నేరుగా పడదు. అంతకన్నా తెలివైన ఏర్పాటు సర్క్యూట్‌లో ఉంది: దీపం వెలగడానికి ఎంత చీకటి పడాలో నిర్ణయించిన హద్దు కన్నా, ఆరడానికి కావలసిన వెలుతురు హద్దును ఎక్కువగా పెడతారు. పైగా కొన్ని సెకన్లపాటు ఆ వెలుతురు నిలకడగా ఉంటే తప్ప దీపం ఆరదు కనుక, మెరుపు మెరిసినా, వాహనం లైటు ఒక్కసారి పడినా అది చెక్కుచెదరదు.

సెల్‌ఫోన్‌లో ఉండేది ఫొటోడయోడ్, అంటే కాంతి పడితే కరెంటు పుట్టించే చిన్న సిలికాన్ పరికరం. మూలసూత్రం ఒకటే అయినా, ఎల్‌డీఆర్ స్పందించడానికి మిల్లీసెకన్లు పడితే ఇది మైక్రోసెకన్ లోపే స్పందించగలదు. ఇందులో పుట్టే కరెంటు కూడా పడిన కాంతికి సరిగ్గా అనులోమంగా ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే: మన కంటి చూపు సుమారు 700 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంటే, సిలికాన్ దాదాపు 1,100 దాకా పరారుణ కాంతిని కూడా పట్టుకుంటుంది. అందుకే ఆ కాంతిని వడకట్టే పొరను అమర్చడమో, విడిగా కొలిచి తీసివేయడమో చేస్తారు.

టీవీ రిమోట్ సంకేతాన్ని అందుకునే భాగంలో, లిఫ్టు తలుపుల్లో, పొగను పసిగట్టే పరికరాల్లో, ఫైబర్ కేబుళ్ల చివర కూడా కాంతి సెన్సర్లే ఉంటాయి. నా దృష్టిలో వీటన్నిటికన్నా విలువైన ఉపయోగం వేలికి తగిలించే ఆక్సీమీటర్‌ది. అందులో 660 నానోమీటర్ల ఎరుపు, 940 నానోమీటర్ల పరారుణ కాంతులు మార్చిమార్చి వెలుగుతుంటే, అవతలివైపు ఫొటోడయోడ్ వేలి గుండా వచ్చినదాన్ని కొలుస్తుంది. ఆక్సిజన్ తగ్గిన రక్తం ఎరుపును ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి, రెండు కాంతుల నిష్పత్తిని బట్టి ఆక్సిజన్ శాతం తేలుతుంది. అయితే గోళ్లరంగు ఉన్నా, వేలు చల్లబడినా లెక్క తప్పవచ్చు. చర్మం ముదురు రంగులో ఉన్నవారికి అసలు కన్నా ఎక్కువ శాతం చూపే అవకాశం కూడా ఉంది. అందుచేత ఆయాసం కనిపిస్తున్నప్పుడు అంకె బాగానే ఉందని ఊరుకోకుండా వైద్యుడిని సంప్రదించాలి.