బాబుకు ముక్కులోంచి తరచూ రక్తం... వేడి చేసిందని వదిలేయొచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. రెండు నెలలుగా అప్పుడప్పుడూ ముక్కులోంచి, ఎక్కువగా కుడివైపు, రక్తం కారుతోంది. డాక్టర్‌కు చూపిస్తే వేడి చేసిందని చుక్కల మందు రాశారు. నెట్‌లో చూస్తే బ్లడ్ క్యాన్సర్ కావచ్చని ఉంది. మాది మేనరికం. ఏం చేయాలి? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండమ్మా. ఈ వయసులో ఇలా కారే రక్తం చాలావరకు ముక్కు మధ్యగోడ ముందు భాగం నుంచే వస్తుంది. అక్కడ పల్చటి పొర కింద సన్నటి రక్తనాళాలు గుంపుగా ఉంటాయి. జలుబుకో, అలర్జీకో, పొడిగాలికో ఆ పొర ఎండి పొక్కు కడుతుంది. పిల్లలు దాన్ని గోకేస్తారు. ఒకే వైపు రావడానికి కూడా సాధారణంగా ఇదే కారణం. అయితే చెడు వాసనతో చీమిడి కారుతుంటే ముక్కులో ఏదో ఇరుక్కుందేమో చూడాలి. అది బటన్ బ్యాటరీ అయితే గంటల్లోనే లోపల కాల్చేస్తుంది.

వేడి చేసిందన్నారు సరే, లైటు వేసి ముక్కు లోపల చూశారా? ఒంటి మీద మచ్చలున్నాయేమో చూశారా? మీ ఇళ్లలో ఎవరికైనా పన్ను పీకించుకున్నాక రక్తం ఆగలేదా, ఆడవాళ్లకు నెలసరిలో విపరీతంగా పోతుందా అని అడిగారా? ముక్కు ఒక్కటే చూసి పంపేస్తే అసలు జబ్బు దాగిపోయే ప్రమాదం ఉంది.

మీరు చివర్లో రాసిన మేనరికం సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. గ్లాంజ్‌మన్ థ్రాంబాస్థీనియా అనే అరుదైన జబ్బు మేనరికపు సంబంధాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఇందులో ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాల) సంఖ్య మామూలుగానే ఉంటుంది, కానీ అవి ఒకదానికొకటి అతుక్కోవు. రక్తం సరిగా గడ్డకట్టని మరో వంశపారంపర్య జబ్బు వాన్ విల్లీబ్రాండ్‌లోనూ ప్లేట్‌లెట్ కౌంట్ చాలాసార్లు బాగానే ఉంటుంది. రక్తం గడ్డకట్టే సమయాన్ని చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు కూడా నార్మల్ రావచ్చు. కాబట్టి సీబీసీ (రక్తకణాల లెక్క), స్మియర్ (రక్తం చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) బాగున్నా రక్తం కారడం ఆగకపోతే, 'రిపోర్టులు నార్మల్' అన్న మాటతో సరిపెట్టుకోకుండా పిల్లల రక్తవ్యాధి నిపుణులకు చూపించండి.

బ్లడ్ క్యాన్సర్ అయితే ముక్కు రక్తం ఒక్కటే కనబడటం అరుదు. పాలిపోవడం, వదలని జ్వరం, ఎముకల నొప్పి, మెడలో గడ్డలు వంటివి తోడవుతాయి. స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా గమనించండి. ఆటల్లో మోకాళ్ల కింద దెబ్బలు తగిలి కమిలితే పట్టించుకోనక్కర్లేదు. వీపు, పొట్ట, తొడల మీద ఊరికే నల్లగా కమిలితే మాత్రం పట్టించుకోవాలి. సూదిమొనంత ఎర్రటి చుక్కలుంటే వేలితో నొక్కండి. దోమకాటు ఎరుపు నొక్కితే పోతుంది, చర్మం కింద రక్తం చిమ్మిన చుక్క పోదు. అలా పోకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

రక్తం వచ్చినప్పుడు తల వెనక్కి వాల్చకండి, గొంతులోకి దిగి వాంతి అవుతుంది. నెత్తిన చన్నీళ్లు పోసినా లాభం లేదు. కూర్చోబెట్టి, కొంచెం ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో పది నిమిషాలు గట్టిగా పట్టుకోండి. ఆగిందా లేదా అని మధ్యలో వదిలి చూడొద్దు. అరగంటైనా ఆగకపోతే, ధారగా పోతుంటే, బాబు నీరసించిపోతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఈలోపు గోళ్లు కత్తిరించండి, రాత్రి ముక్కు అంచు లోపల కాస్త వాజెలిన్ రాయండి. జ్వరం వస్తే పారాసెటమాల్ చాలు. పరీక్షలయ్యేదాకా ఐబూప్రొఫెన్ వద్దు, ఆస్పిరిన్ అసలే వద్దు.